ఓటమి పిమ్మట వేదము

దాశరథి రంగాచార్యుల ప్రస్తావన వచ్చినపుడెల్ల మన విమర్శకులలో కొందఱు ‘చిల్లర దేవుళ్లు’ వ్రాసిన నవలాకారుని ఆకాశమున కెత్తి, నాలుగు వేదములను ఒంటిచేత తెనిగించిన వృద్ధుని మాత్రము దారితప్పినవానివలె జాలితో విడిచివేయుచున్నారు. అన్నగారైన కృష్ణమాచార్యులకు 2025 జూలైలో నూఱేండ్లు నిండినను తమ్ముని యెడ ఈ చిన్నచూపు తొలగలేదు. ఇంక దీనిని సహింపజాలము.

కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొఱగుటయు, 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధపోరాటము విరమింపబడుటయు, ఆపై ఆశ లుడిగి ఎటుపోవలెనో తెలియక నిలిచిన సహచరులను ఎఱిగిన చిన్నగూడూరు బిడ్డయైన రంగాచార్యులు కాలాంతరమున వేదమును చేపట్టుట పలాయనమని శాసించుట కెవరికి అధికారము కలదు? బమ్మెర పోతన తీర్చిన గజేంద్రుని తలంపుడు. అతడు మడుగున దిగిన తోడనే దేవుని పిలువలేదు. వేయేండ్లు మకరితో పెనగి, బలము సన్నగిల్లిన పిమ్మటనే మొఱపెట్టెను. ఆ మొఱలోనే, తాను పిలుచువాడు అసలు కలడో లేడో యని సంశయించెను. ఆ సంశయమును కప్పిపుచ్చక భక్తుని నోటనే పలికించిన కావ్యమును మత్తుమందనువారు దానిని చదివియుండరని మా నిశ్చయము.

మతము పేర ఈ నేల పడిన బాధలను మఱువరాదనువారి మాట సత్యమే. ఐనను ఆ బాధలకు మూలమైన, సామాన్యులకు జ్ఞానమును మూసిన గడియను తీసినవా డెవడు? పాలకుర్తి సోమనాథుడు బసవని కథను సామాన్యులు పాడుకొన ద్విపదలో పెట్టెను. ఆ పాలకుర్తియే పిదప చాకలి ఐలమ్మ భూపోరాటమునకు నెలవయ్యెను. దొర గాదె తాళము బద్దలుకొట్టి వడ్లు పంచుట విప్లవమైనచో, తరతరములుగా వినరాదని గెంటబడినవారి భాషలో వేదమును పంచుట తిరోగమన మెట్లగును? రంగాచార్యులు జెండాను దించలేదు; అది చేరని చోటికి కొనిపోయిరి. ఇది కానలేనివారు అభ్యుదయమను పేర నిషేధమునే పాటించుచున్నారు, పూర్వపు పండితుల నిషేధమునకు దీనికి భేద మేమి?

అప్పులపాలైన జనగామ పత్తిరైతునకును, మహబూబాబాదు తండాలోని విద్యార్థికిని, భూపాలపల్లి బొగ్గుగని కార్మికునకును రంగాచార్యుల నవల ‘మోదుగుపూలు’ ఎంత అవసరమో ఆ వేదసంపుటములును అంతే అవసరము. ఈ మూడు జిల్లాల గ్రంథాలయములలో రెండును ఒకే బీరువాలో, చేతికందు వరుసలో ఉండవలెనని అధికారులను కోరుచున్నాము.