వసంతమున పెద్దల వ్యాపకము

మా సనత్‌నగరులో చైత్రమాసము వచ్చినదని కోకిల కంటె ముందుగా తెలుపునది వేపచెట్టు. రాత్రి గాలికి రాలిన పూత తెల్లవారుసరికి ముంగిళ్లలో పరచుకొని యుండును. పడుచువారు దానిని ఊడ్చి పారవేయుదురు. ముసలివారో, చెట్టు క్రింద పాతచీర పరచి, కొమ్మ దులిపించి, పువ్వు నేరుకొనుటకు కూర్చుందురు. అది చూచి ఇంటివారు, "మీకెందుకండీ ఈ శ్రమ? లోపల విశ్రాంతిగా నుండరాదా?" అందురు. ప్రేమతో అన్న మాటయే. అయినను అది సరియైన మాట కాదని నా అభిప్రాయము.

'సనత్' అను ఉర్దూమాటకు పరిశ్రమ యని యర్థము. 1942లో స్థాపింపబడిన ఆల్విన్ సంస్థ రిఫ్రిజిరేటర్లను, బస్సులను తయారుచేసి ఈ ప్రాంతమునకు పేరు తెచ్చెను. ఆ సంస్థ నేడు లేదు. కాని కర్మాగారముల కూతకు లేచి, కూతకు నిద్రించిన మనుష్యులు మాత్రము ఈ వీధులలో ఇంకను ఉన్నారు. అట్టివారికి ఊరక కూర్చుండుట విశ్రాంతి యగునా?

మా వీధిలో ఒక తాతగారు కలరు. ఒకప్పుడు ఫిట్టరుగా పనిచేసినవారు. ఉద్యోగము ముగిసిన పిదప వసారాలో కుర్చీ వేసికొని, వచ్చిపోవువారిని చూచుచు కూర్చుండెడివారు. పలుకరించిన పలికెడివారు, లేనిచో లేదు. ఒక యేడు ఉగాది వెళ్లిన వారమునకు వీధి మొగలో యువకులు చలివేంద్రము పెట్టిరి. పందిరి, మట్టికుండలు, కుండలకు కొళాయిలు, అన్నియు బాగుగనే యున్నవి. మూడవనాడు ఒక కొళాయి కారసాగెను. కొత్తకుండ కొనుటకు వారు చందా డబ్బులు లెక్కించుచుండగా తాతగారు లేచి వచ్చి, పాత సైకిలు ట్యూబు నుండి చిన్న చక్రమువంటి ముక్క కత్తిరించి కొళాయి మొదట బిగించిరి. నీరు కారుట ఆగెను. ఆ యువకులలో నొకడు తెలివిగలవాడు. "తాతగారూ, రేపటినుండి దీనిని మీరే చూచుకొనవలెను" అని నీళ్లడ్రమ్ము తాళపుచెవి ఆయన చేతిలో పెట్టెను.

మరునాటినుండి ఆయన ఉదయము 6 గంటలకే అక్కడ నుండిరి. కుండలు కడిగించుట, క్రింది ఇసుక తడిపించుట, గ్లాసులు లెక్కపెట్టుట ఆయన పనులు. కొత్తకుండలోని చల్లదనము పాతకుండలో నుండదేమని ఒక బాలుడడిగెను. కుండకుగల సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చి ఆవిరియగునపుడు వేడిని తీసికొనిపోవుననియు, ఆ రంధ్రములు పూడినకొలది చల్లదనము తగ్గుననియు తాతగారు చెప్పిరి. అంత మాట్లాడగా ఆయనను నేనెన్నడును చూడలేదు.

జీవితమంతయు కష్టించినవారిని మరల కష్టపెట్టుట న్యాయమా యని కొందరడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. వ్యాపకమను పేరుతో ఇంటిచాకిరి యంతయు పెద్దల నెత్తిన పెట్టువారు లేకపోలేదు. పాలపొట్లములకు పంపుట, గ్యాసుబండ వచ్చువరకు కావలి యుంచుట వ్యాపకములు కావు. "నేడు చేయను" అని చెప్పుటకు వారికి స్వాతంత్ర్యముండవలెను. ఆ పనిలో వారి నేర్పునకు చోటుండవలెను. తమ్ము తాము పోషించుకొనజాలని తల్లిదండ్రులు బిడ్డలనుండి భరణము కోరవచ్చునని 2007లో మన దేశమున చట్టము చేసిరి. మంచి చట్టమే. అన్నవస్త్రములను అది ఇప్పింపగలదు. "ఈ పని మీవలననే కావలెను" అను మాటను మాత్రము ఇంటివారే అనవలెను.

బాలలారా, ఈ విషయమున మీకున్న అనుకూలము మీ తల్లిదండ్రులకు లేదు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలగును. మీరు మధ్యాహ్నమునకే ఇల్లు చేరుదురు. అమ్మానాన్నలు వచ్చుసరికి చీకటిపడును. ఆ నడిమి గంటలలో ఇంట నుండువారు మీరును, మీ అవ్వాతాతలును. ఆ కాలము పెక్కిండ్లలో సెల్‌ఫోనుల పాలగుచున్నది. బజారునకు కొత్త చింతపండు వచ్చు దినములు కూడ ఇవియే. ఈనెలు తీసి, గింజలు వేరుచేసి, ఉప్పు కలిపి జాడీ కెత్తుట నీడపట్టున కూర్చొని చేయదగిన పని. పండు నిలువ యుండునో లేదో అవ్వ వేలితో నొక్కి చెప్పును. మిగిలిన గింజలు వామనగుంటల కక్కరకు వచ్చును. రెండు వరుసలలో ఏడేసి గుంటలు గల ఆ యాటలో అవ్వను గెలుచుట సులభము కాదు. ఓడిన పిదప, గింజలు ఏ గుంటలో ముగియునో ఆమె ముందుగా నెట్లు లెక్కించినదో అడిగి చూడుడు.

మా వీధికి జనులు నలుదిక్కుల నుండి వచ్చి స్థిరపడిరి. కావున ఉగాది పచ్చడి కూడ ఒక తీరున నుండదు. ఒక యవ్వ కొత్తకుండలో పలుచగా కలిపి గ్లాసుతో ఇచ్చును. కోస్తానుండి వచ్చిన మామ్మ చిక్కగా చేసి అరచేతిలో పెట్టును. ఏది అసలైనదో తేల్చుమని ఇద్దరును నన్నడిగిరి. నేను రెండును పుచ్చుకొని ఊరకుంటిని.

హైదరాబాదు వసంతము మిక్కిలి చిన్నది. ఏప్రిలులోనే ఎండ 40 డిగ్రీలను తాకుచుండును. వయసు మీరిన దేహమునకు దాహము సరిగా తెలియదు, చెమటయు తక్కువగా పట్టును; వడదెబ్బ త్వరగా తగులును. కావున బయటి పనులు ఉదయము 8 గంటలలోపల గాని, పొద్దువాలిన పిదప గాని జరుగవలెను. అడుగకున్నను వారికి నీరందించుట మీ వంతు. జపానులో 1928లో మొదలైన రేడియో వ్యాయామమునకు వేసవి సెలవులలో ఉదయము ఆరున్నరకు పిల్లలును వృద్ధులును ఒకచోట చేరుదురు. మన పార్కులలో పెద్దలొక మూల, పిల్లలొక మూల. ఈ ఎడబాటు ఎవరు విధించినదో నాకు తెలియకున్నది.

ఈ యేడు తాతగారికి మోకాలినొప్పి హెచ్చినది. తాళపుచెవి తిరిగి ఇచ్చివేయుదమని కుమారుడనెను. తాతగారు ఒప్పుకొనలేదు. ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు రోజును ఆయన కుర్చీని చలివేంద్రము వరకు మోసికొనిపోవుచున్నది. మొన్న నేను వెళ్లునప్పటికి మరియొక కొళాయి కారుచుండెను. ఆ బాలిక కత్తెర పట్టుకొని ట్యూబు ముక్క కత్తిరించుచుండెను. తాతగారు కన్నులు చిట్లించి, "ఇంకొంచెము చిన్నది చేయవమ్మా" అనుచుండిరి.