పెట్టె అడుగున లగ్నపత్రిక

తాత పేరు చెప్పగలవారు ఎందరో కలరు. ముత్తాత పేరు తడుముకొనకుండ చెప్పువారు కొందరే. ఆ ముత్తాత ఏ ఊరి పిల్లను పెండ్లాడెనో ఎరిగినవారు అరుదు. పెండ్లిలో ప్రవర చెప్పునపుడు ఇరువంశముల మూడు తరముల పేర్లు వినిపించును. అవి పురుషుల పేర్లే. అవియును గాలిలో కలిసిపోవు మాటలే.

మరి వ్రాతలో మిగిలినదేమి? క్రైస్తవులకు చర్చి రిజిస్టర్లు, ముస్లిములకు ఖాజీల నికా పుస్తకములు కలవు. హిందూ వివాహముల నమోదుకు 1955 నాటి చట్టము వీలు కల్పించినదే గాని, నమోదు కాకున్నను వివాహము చెల్లునన్నది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదును తప్పనిసరి చేసిన చట్టము 2002 నాటిది. అంతకు ముందరి తరములకు చాలవరకు లగ్నపత్రికయే ఆధారము.

దానిని చదువుటలోను చిక్కు కలదు. ‘వికారి’ అని మాత్రమే ఉన్నచో అది 1899లో మొదలైనదో, 1959లో మొదలైనదో తెలియదు. అరువదేండ్లకు ఆ పేరే తిరిగివచ్చును. తిథి, వారము, నక్షత్రము మూడింటిని పాత పంచాంగములతో సరిచూచినగాని నిజము తేలదు.

ఇల్లు మారునపుడు పొలము దస్తావేజును పదిలపరచి, లగ్నపత్రికను చెత్తలో వేయుట వాడుకయైనది. ఆ కాగితముతో పోవునది ఒక స్త్రీ పుట్టినింటి పేరు, ఆమె నడచివచ్చిన త్రోవ. మెట్టినింటి పేరుతోనే కన్నుమూసిన ముత్తవ్వకు వేరొక సాక్ష్యము తరచుగా ఉండదు.

ఆ పసుపు మరకల కాగితమును దాచుటయే చాలదు. అందులో లేని వధువు తల్లి పేరును, ఆమె ఊరిని ఇంటి పెద్దమ్మనడిగి వేరొక కాగితముపై వ్రాసి దానికి జతపరుపవలెను. రేపు అడుగుదమన్న, చెప్పుటకు ఆమె ఉండకపోవచ్చును.