నీట్ సీటు రాకపోతేనే మైక్రోబయాలజీనా?

"నీట్‌లో ర్యాంకు రాకపోతే మైక్రోబయాలజీలో చేర్పిద్దాంలే" అని పిల్లల ముందే అనేస్తుంటారు మీలో కొందరు. దయచేసి అనకండి.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త డాక్టర్ ఎస్. శివాజీ అంటార్కిటికా చలిలో బతికే బ్యాక్టీరియాపై ఏళ్ల తరబడి పనిచేశారు. 2005లో హైదరాబాద్ నుంచి ఇస్రో ఎగరేసిన బెలూన్ 20 కిలోమీటర్లకు పైన పట్టి తెచ్చిన గాలిలోనూ ఆయన బృందం వెతికింది. 3 కొత్త జాతులు దొరికాయని 2009లో ప్రకటించింది. వాటిలో బాసిల్లస్ ఆర్యభట్టై ఒకటి. తర్వాత అదే జాతి పొలాల మట్టిలోనూ కనిపించింది! పైరుకు అదెలా తోడ్పడుతుందో ఇవాళ పలు దేశాల్లో పరిశోధిస్తున్నారు. ఇంతకంటే పెద్ద ర్యాంకు ఏముంటుంది?

మన కర్నూలు, కడప చేలకు ఇది దూరపు సంగతేం కాదు. ఈసారి ఊరికెళ్తే శనక్కాయ చెట్టొకటి పెరికి, వేర్ల మీది బుడిపెలు పిల్లలకు చూపించండి. గిల్లితే లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా కాపురం అక్కడే.