పాత ఇత్తడి, కొత్త చరిత్ర

ఢిల్లీలో పాత వస్తువులమ్మే అంగళ్లలో, మెరుగు మాసిన ఇత్తడి సెక్స్‌టెంటు అప్పుడప్పుడు కంటబడుతుంది. ‘కెల్విన్ అండ్ హ్యూస్, లండన్, 1917’ అన్న అక్షరాలు దానిపై చెక్కి ఉంటాయి. అయితే కెల్విన్, హ్యూస్ సంస్థలు ఏకమైనది 1947లో! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లున్నది ఆ ముద్ర.

నావికునికి సెక్స్‌టెంటు అలంకారం కాదు, ప్రాణాధారం. దాని చాపం వృత్తంలో ఆరవ వంతే. రెండు అద్దాల ప్రతిఫలనం వలన 120 డిగ్రీల వరకు కొలుస్తుంది. సూర్యుని ఎత్తు కొలవడంలో ఒక్క కళ పొరబడినా, ఓడ ఉన్న చోటు 1,852 మీటర్ల మేర తప్పుతుంది. కనుక పరీక్ష సులభమే. ముల్లును సున్న వద్ద నిలిపి దూరపు నక్షత్రాన్ని చూడాలి. మంచి పరికరంలో రెండు బింబాలు ఇంచుమించు ఒక్కటవుతాయి. బొమ్మ పరికరంలో కలియవు.

అనుకరణను అనుకరణగా కొంటే నష్టం లేదు. చరిత్రకు వెల కట్టి కొన్నప్పుడే నష్టం. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన ఇటువంటి పురావస్తువులను వర్తకులు ఎగుమతి చేయరాదు. “నూరేళ్ల నాటిది, చట్టప్రకారమే విదేశానికి పంపగలను” అని వర్తకుడంటే, ఆ రెండు మాటలూ ఏకకాలంలో నిజం కాజాలవు.