పాత చెవి, కొత్త మిషన్

మిర్యాలగూడ పక్క ఊళ్లో మా బావమరిదికి పదకొండేళ్లుగా వరికోత మిషన్ ఉంది, టైర్లది. కోతల కాలంలో మనిషి ఇంట్లో దొరకడు. కార్తీకంలో సాగర్ ఎడమ కాలువ కింద, సంక్రాంతి దాటాక తమిళనాడు వైపు, ఏప్రిల్లో యాసంగి కోతకు మళ్లీ ఇటు. పోయిన దసరా నాడు జమ్మి పంచుకుని అలాయ్ బలాయ్ అయ్యాక, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు. "బావా, కంపెనీ మారుద్దామనుకుంటున్న. చైను మిషన్ తీసుకుంట. నువ్వేమంటవ్?" ఇంట్లోవాళ్లకు ఇంకా చెప్పలేదట, గొంతు బాగా తగ్గించాడు.

నేనేమంటాను? నాకు రాయడం తెలుసు, కోయడం తెలియదు. అయినా ఆ వానాకాలం, తర్వాతి యాసంగి అతని వెంట పొలాలు పట్టి తిరిగాను.

ముందు మార్పు వైపు మాట. ఆ టైరు మిషన్ ఏడెనిమిది టన్నుల బరువు, గింజల ట్యాంకు నిండితే ఇంకా పైన. అక్టోబరు వాన పడ్డ నల్లరేగడి మడిలో దిగబడిందంటే బయటికి లాగడానికి రెండు ట్రాక్టర్లు, ఒక పూట. చక్రాలు చేసిన గాడుల్ని పూడ్చి నాటుకు చదును చేసుకునే పని రైతు నెత్తిన. రబ్బరు చైన్ల మీద నడిచే మిషన్ మూడు టన్నులకు అటూ ఇటూ ఉంటుంది, ఆ బరువైనా చైను పొడవునా పరుచుకుంటుంది. అందుకే ఇప్పుడు ఫోన్ చేసే రైతు రేటు కంటే ముందు "చైనా, టైరా?" అని అడుగుతున్నాడు. (దేశం పేరు కాదు లెండి. నేనూ మొదట తడబడ్డాను.) మా దగ్గర కంపెనీ మార్చడమంటే చాలాసార్లు టైరు నుంచి చైనుకు మారడమే. పంజాబ్ మిషన్ దిగి జపాన్ మిషన్ ఎక్కడం.

పాతదాని వైపు మాట కూడా గట్టిదే. నాభాలో తయారయ్యే ప్రీత్, భాద్సన్‌లో తయారయ్యే కర్తార్ లాంటి పంజాబ్ మిషన్లలో ఎక్కువగా అశోక్ లేలాండ్ ఇంజిన్లు కనిపిస్తాయి. అంటే లారీ ఇంజిన్ విప్పడం తెలిసిన వాడెవడైనా దీన్నీ విప్పగలడు. అలాంటి వాళ్లు హైవే పక్క ప్రతి ఊళ్లో ఉంటారు, రాత్రి పదింటికి కూడా లేస్తారు. బేరింగు నంబరు, బెల్టు సైజు చెబితే కొట్లో ఇచ్చేస్తారు. ఇరుసు విరిగితే వెల్డింగ్ షాపు చాలు. పైగా టైరు మిషన్ తన కాళ్ల మీద తానే పోతుంది. చైను మిషన్‌ను పక్క మండలానికి పంపాలన్నా లారీ ఎక్కించాలి, రోడ్డు మీద నడిపితే రబ్బరు అరుగుతుంది. చైన్లు మార్చాల్సి వచ్చిన ఏడాది సంపాదనలో పెద్ద ముక్క వాటికే.

అయితే ఈ మెకానిక్ వాదనలో ఒక మెలిక ఉంది. 2023 జనవరి నుంచి 50 హార్స్‌పవర్ పైబడిన వ్యవసాయ యంత్రాలకు కాలుష్య నిబంధనలు బిగిశాయి. కొత్త ఇంజిన్లలోకి సెన్సర్లు, కంప్యూటరు వచ్చి చేరాయి. పాత కంపెనీదే కొత్తది కొన్నా స్పానరుతో పాటు ల్యాప్‌టాప్ కూడా రావాల్సిందే. కాబట్టి లారీ మెకానిక్ భరోసా మన పాత మిషన్‌కే గానీ దాని కంపెనీ పేరుకు కాదు. ఈ రెండింటినీ ఒకటిగా చూసి పాత కంపెనీనే పట్టుకుని వేలాడే వాళ్లను చాలామందిని చూశాను.

ఆ పేరైనా ఎంతకాలం నిలుస్తుంది? స్వరాజ్ పేరుతో ట్రాక్టర్లు, కోత మిషన్లు చేసిన పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లింది. ఎస్కార్ట్స్ 2022లో ఎస్కార్ట్స్ కుబోటా అయింది. జర్మనీ కంపెనీ క్లాస్ మన దేశంలోని తన వ్యాపారాన్ని 2024లో జపాన్ యన్మార్‌కు అమ్మింది. మనం ఉన్నచోటే ఉన్నా కంపెనీయే మారిపోతుంది.

ఫిబ్రవరిలో కొత్త మిషన్ దిగింది. కొబ్బరికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ అన్నీ అయ్యాయి. డీలరు పంపిన కుర్రాడు ఒక పూట చూపించి వెళ్లిపోయాడు. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

పాత మిషన్‌లో డ్రమ్ము అడ్డంగా ఉంటుంది. వరి దాని కింద ఒకసారి నలిగి, గడ్డి వెనకున్న వాకర్ల మీద ఎగిరెగిరి మిగిలిన గింజ రాల్చి బయట పడుతుంది. గింజ ఊడకపోతే డ్రమ్ముకూ కింది జాలీకీ మధ్య సందు తగ్గించాలి, లేదా డ్రమ్ము వేగం పెంచాలి. పదకొండేళ్లు అతని చేతికి అలవాటైంది ఇదే. కొత్తదాంట్లో డ్రమ్ము మిషన్ పొడవునా ఉంటుంది. వరి దాని చుట్టూ తిరుగుతూ వెనక్కి నడుస్తుంది. గడ్డి లోపల ఎంతసేపు ఉండాలో డ్రమ్ము మూతకున్న పలకలు నిర్ణయిస్తాయి. పలకల్ని మూసేస్తే గింజ బాగా ఊడుతుంది కానీ గడ్డి నుజ్జవుతుంది, ఇంజిన్ మీద బరువు పడుతుంది, గింజ పగులుతుంది. మరీ తెరిస్తే గింజ గడ్డితో పాటే బయటికి పోతుంది. మొదటి రోజు అతని చేయి లేని జాలీ సందు కోసం వెతుక్కుంది.

చేతి కంటే చెవి మరీ మొండిది. పాత మిషన్‌లో డ్రమ్ము మూలిగితే వేగం తగ్గించాలని అతనికి తెలుసు, ఆ మూలుగు రాకముందే కాలు కదిలేది. కొత్తది మూలగదు. బండి బాగానే పోతోందనుకుంటూ ఉండగానే లోపల గడ్డి చుట్టుకుని బెల్టు వాసనొచ్చింది. విప్పి, గడ్డి పీకి, మళ్లీ బిగించేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది.

కన్ను కూడా మోసం చేసింది. పాత మిషన్ పద్నాలుగు అడుగుల వెడల్పున కోసి, నాలుగైదు అడుగుల బాటలో గడ్డి వదిలేది. ఆ బాటలో గింజలు చూసి "ఇంత పోతే ఫర్వాలేదు" అనుకునే లెక్క ఒకటి అతని కంట్లో ఉంది. కొత్తది కోసేది ఆరున్నర అడుగులే, గడ్డి పడే బాట మాత్రం దాదాపు పాతదానంతే. అదే బాటలో అన్నే గింజలు కనిపించాయంటే ఎకరానికి నష్టం రెట్టింపు దాకా ఉన్నట్టు. నేను కాగితం మీద వేసి చూపిస్తే అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత గోనెసంచిని కత్తిరించి మీటరు చదరం కొలత చేసుకున్నాడు. మిషన్ ఆపి, వెనకకు దిగి, మోకాళ్ల మీద కూర్చుని గింజలు ఏరడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లలో ఆ పని చేయడం అదే మొదటిసారట!

ఇక గాలి. ఎంటీయూ 1010 రకం వరి గింజలు వెయ్యి తూస్తే 23 గ్రాముల దాకా వస్తాయి. తెలంగాణ సోనా వెయ్యి గింజలు 13 గ్రాముల దగ్గరే ఆగుతాయి. మొదటిదానికి పెట్టిన ఫ్యాను గాలి రెండోదాన్ని తాలుతో పాటు ఎగరగొట్టేస్తుంది. గాలి తగ్గిస్తే తాలు, చెత్త ట్యాంకులోకి వస్తాయి. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండిన గడ్డి పొడిపొడి అయి జల్లెడ మీద పేరుకుంటుంది, పొద్దున మంచులో కోసిన అదే మడిలో ఆ బాధ లేదు. ఒక్క సెట్టింగుతో రోజంతా నడపొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి.

ఈ నేర్చుకోవడానికి ఖర్చెవరిది? దసరా రోజు మేమిద్దరం మాట్లాడుకోని సంగతి ఇదే. అప్పు మా బావమరిదిది, నిజమే. కానీ మిషన్ బాడుగ గంటల లెక్క. తెలియక నెమ్మదిగా నడిపితే ఆ గంటలు రైతు కడతాడు. వెనక రాలిన గింజ రైతుదే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపే ఉండాలి, తాలు కనిపిస్తే బస్తాకు ఇంత అని తరుగు తీస్తారు. ఫ్యాను తప్పు పెట్టిన డ్రైవరు అప్పటికి పక్క ఊళ్లో ఉంటాడు. ఈ వైపు నుంచి చూస్తే కొత్త మిషన్ మొదటి సీజన్ మీద నాకు అంత ప్రేమ కలగదు. గడ్డి సంగతి సరేసరి. నలిగిన గడ్డిని పశువులు ముట్టవని మా మేనత్త నన్నే తిట్టింది, మిషన్ నేను కొన్నట్టు.

అయినా మార్పు వైపే నా మొగ్గు. సాగర్ కింద తడి మడులు ఉన్నంతకాలం ఎనిమిది టన్నుల బండికి పని తగ్గుతూనే ఉంటుంది. మెట్టగా ఆరే పొలాలు, పెద్ద మడులు ఉన్నచోట అయితే ఇదే సలహా ఇవ్వను. అక్కడ పద్నాలుగు అడుగుల కోత ముందు ఆరున్నర అడుగులు ఆగలేవు. పేరు కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: కోతల నడుమ రాత్రి బండి ఆగిపోతే సామాను పట్టుకుని వచ్చే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? రెండు గంటల లోపు అయితే కొనొచ్చు. "హైదరాబాద్ నుంచి తెప్పిస్తాం" అంటే మాత్రం టీ తాగి లేచి రావడమే. కొన్నా వానాకాలం కోత నెత్తి మీదికి వచ్చాక కొనకూడదు. గట్టి నేల, నిలబడ్డ వరి ఉండే యాసంగిలో, ముందు సొంత పొలంలో చేయి తిప్పుకోవాలి.

అతను అదే చేశాడు. సొంత నాలుగెకరాలు కోసుకున్నాక, మొదటి పదిరోజులు బయటివాళ్లకు గంటల లెక్క మానేసి ఎకరం లెక్కన కోశాడు. డబ్బు తగ్గింది, ఇంట్లో మా చెల్లెలు అతనితో రెండు రోజులు మాట్లాడలేదు.

పాత మిషన్ వేపచెట్టు కింద పట్టా కప్పుకుని ఉంది. మేలో రాయచూరు వైపు నుంచి ఒకాయన వచ్చి ఇంజిన్ స్టార్ట్ చేయించి, చప్పుడు విని, మంచి రేటే చెప్పాడు.

"వానాకాలం కోత కానియ్యన్నా, చూద్దాం" అన్నాడు మా బావమరిది. ఆయన వెళ్లాక ఇంజిన్ కట్టేయడానికి వెళ్లి, వెంటనే కట్టేయకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు.