చప్పుడు ఆపి చూసిన బౌట్

2024 ఆగస్టు 4. అర్ధరాత్రి దాటి పావుగంట అయ్యాక పారిస్ ఒలింపిక్స్‌లో నిశాంత్ దేవ్ క్వార్టర్ ఫైనల్ మొదలైంది. ప్రత్యర్థి మెక్సికోకి చెందిన మార్కో వెర్దే. గెలిస్తే పతకం ఖాయం. ఇంట్లో పెద్దవాళ్ళు లేవకుండా టీవీ సౌండు తగ్గించుకుని ఎవరింట్లో వాళ్ళం చూశాం. మూడు రౌండ్లు అయ్యాయి. రిఫరీ వెర్దే చెయ్యి ఎత్తాడు. 4–1.

సోమవారం స్కూలు బస్సులో ఒకటే మాట, మోసం అని. విజేందర్ సింగ్ అంతటివాడే ఈ స్కోరింగ్ పద్ధతి ఏమిటో తెలియట్లేదన్నట్టు రాశారట, ఇక మాకేం తక్కువ? సూరత్ చేరేదాకా తిట్టుకుంటూనే ఉన్నాం. అప్పుడు ముందు సీట్లో కూర్చున్న ఒక అక్క వెనక్కి తిరిగి, "సరే, రెండో రౌండు మీరైతే ఎవరికి ఇచ్చేవారు?" అని అడిగింది. ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. రౌండుకి మార్కులు ఎలా వేస్తారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

మన ఊళ్ళో (మూడేళ్ళుంటే ఏ ఊరైనా మనదే కదా) ఉత్తరాయణం రోజు గాలిపటాల పోటీకి జడ్జీలు అక్కర్లేదు. దారం తెగింది, పటం పోయింది, పక్క డాబా మీద వాళ్ళు "కాయ్‌పో ఛే" అని అరిచారు. అంతే. బాక్సింగ్‌లో నాకౌట్ అలాంటిదే. కిందపడి పది లెక్కపెట్టేలోగా లేవకపోతే ఎవరూ వాదించరు. గొడవంతా దారం తెగని పోటీల్లోనే.

అప్పుడు రౌండు రౌండుకీ మార్కులు వేస్తారు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రింగుకి మూడు పక్కల ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. పెద్ద పోటీ అయితే పన్నెండు రౌండ్లు. ఒలింపిక్స్‌లో ఐదుగురు జడ్జీలు, మూడు రౌండ్లు. రెండు చోట్లా రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి మామూలుగా 9. కిందపడితేనో, రౌండు మరీ ఏకపక్షమైతేనో 8. ఇక్కడే మాకు మొదటి సంగతి తెలిసింది. రౌండు వెంట్రుకవాసిలో గెలిచినా 10–9, ఊపిరాడకుండా కొట్టి గెలిచినా చాలాసార్లు 10–9. సీబీఎస్‌ఈలో సీసీఈ ఉన్న రోజుల్లో 91 వచ్చినా 100 వచ్చినా ఒకే ఏ1 ఇచ్చేవారని సీనియర్లు చెబుతారు, అలాంటిదే ఇది. అభిమానికి గుర్తుండేది ఆ ఊపిరాడని రౌండు. జడ్జీ కాగితం మీద దానికి ఉన్నది ఒక్క మార్కు తేడా.

రెండో సంగతి టోక్యోలో మేరీ కోమ్ బౌట్ వల్ల తెలిసింది. 2021 జులై 29న ఆమె కొలంబియా బాక్సర్ ఇంగ్రిత్ వాలెన్సియాతో తలపడ్డారు. మొదటి రౌండు ఐదుగురిలో నలుగురు వాలెన్సియాకి ఇచ్చారు. రెండో రౌండు ముగ్గురు మేరీకి ఇచ్చారు. మూడోది కూడా ముగ్గురు మేరీకే. మూడింట్లో రెండు రౌండ్లు మేరీవైపే ఎక్కువమంది ఉన్నారు. ఫలితం మాత్రం 3–2తో వాలెన్సియాది. రింగు దిగాక కూడా తానే గెలిచానని అనుకున్నట్టు మేరీ తర్వాత చెప్పారు. ఆమెకే అలా అనిపిస్తే ఇంట్లో కూర్చున్నవాళ్ళకి అనిపించదా?

దీన్ని లెక్కల పుస్తకం వెనక పేజీలో వేసి చూశాం. ఐదుగురు జడ్జీలు, మూడు రౌండ్లు, మొత్తం పదిహేను తీర్పులు. వాలెన్సియాకి 4, 2, 2. మేరీకి 1, 3, 3. కూడితే 8, 7. రౌండ్లవారీగా మెజారిటీ చూడరు. ఒక్కో జడ్జీ తన మూడు రౌండ్లూ తాను కూడుకుంటాడు, ఎక్కువమంది జడ్జీల కూడికలో ఎవరు ముందుంటే వాళ్ళదే గెలుపు. దొంగతనం ఎక్కడా కనబడలేదు. మొదటి రౌండులో పోయినది తర్వాత పూడలేదు, అంతే. ఇది అర్థమైనప్పుడు మాకు సంతోషం కాదు, కొంచెం సిగ్గేసింది. మూడేళ్ళుగా అందరికీ అన్యాయమని చెప్పుకుంటూ తిరిగాం మరి.

తర్వాత ఒక ఆదివారం మాలో ఒకరి ఇంట్లో పదకొండుమందిమి చేరి అదే బౌట్ మళ్ళీ చూశాం. ఈసారి సౌండు పూర్తిగా తీసేశాం. తలా ఒక కాగితం ఇచ్చుకుని, రౌండు అయిన వెంటనే మార్కు వేసి మడిచి గిన్నెలో వెయ్యాలని నియమం పెట్టుకున్నాం. పక్కవాళ్ళది చూడకూడదు. ఇదేమీ పరిశోధన కాదు, మధ్యలో పకోడీలు కూడా వచ్చాయి. కానీ ఒకటి గట్టిగా తెలిసింది. ఇద్దర్నీ ఒకేసారి చూడడం చాలా కష్టం. మన కళ్ళు మన బాక్సర్ చేతుల వెంటే పోతాయి. మన వాళ్ళు కొట్టినవన్నీ కనబడతాయి, తిన్నవి సగమే కనబడతాయి. గుద్దు గ్లవ్ మీద పడిందా, దవడ మీద పడిందా అన్నది కామెంటేటర్ గొంతు, జనం కేక చెప్పేస్తాయి. అవి లేకపోతే మనమే చూడాలి. మొదటి రౌండుకి గిన్నెలోంచి తీసిన కాగితాల్లో ఎక్కువ వాలెన్సియావైపే ఉన్నాయి. అదీ మా చేతులతో మేం వేసినవే.

జడ్జీలు ఎప్పుడూ సరైనవాళ్ళే అని మేం చెప్పబోవడం లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా కుర్రాడు రాయ్ జోన్స్ జూనియర్ 86 గుద్దులు తగిలించాడని, కొరియా బాక్సర్ పార్క్ సి హున్ 32 తగిలించాడని లెక్క కట్టారు. తీర్పు 3–2తో పార్క్‌ది. ఆ పోటీల ఉత్తమ బాక్సర్ బహుమతి మాత్రం ఓడిన జోన్స్‌కే ఇచ్చారు! ఆ గొడవ తర్వాతే 1992 నుంచి జడ్జీలు మీటలు నొక్కే కంప్యూటర్ పద్ధతి తెచ్చారు. దాంతోనూ తృప్తి లేక 2013లో మళ్ళీ పది మార్కులకే వచ్చారు. ప్రొఫెషనల్స్‌లో 2012 జూన్ 9న లాస్ వెగాస్‌లో మానీ పకియావ్, టిమొతీ బ్రాడ్లీ తలపడినప్పుడు తగిలిన గుద్దుల లెక్క పకియావ్‌వి 253, బ్రాడ్లీవి 159. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు 115–113తో బ్రాడ్లీకి ఇచ్చారు, మూడోవారు అవే అంకెలు పకియావ్‌కి ఇచ్చారు. డబ్ల్యూబీవో సంస్థ ఐదుగురితో వీడియో మళ్ళీ చూపిస్తే ఐదుగురూ పకియావే గెలిచాడన్నారు. ఫలితం మాత్రం మారలేదు.

అభిమానులుగా మన సంగతి కూడా చెప్పుకోవాలి. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల సెమీఫైనల్లో సరితా దేవి కొరియా బాక్సర్ పార్క్ జినా చేతిలో ఓడినట్టు ప్రకటించినప్పుడు దేశమంతా మండిపడింది. సరిత తన కాంస్య పతకాన్ని జినా మెడలోనే వేసి ఏడ్చారు, దానికి ఏడాది నిషేధం పడింది. ఆ బొమ్మ మనందరికీ తెలుసు. 2018 నవంబరులో న్యూఢిల్లీలో మహిళల ప్రపంచ పోటీల్లో బల్గేరియా బాక్సర్ స్టానిమిరా పెట్రోవా మన సోనియా చాహల్ చేతిలో 3–2తో ఓడి, తీర్పు అన్యాయమని గట్టిగా అరిచింది. ఈ సంగతి మాలో ఎంతమందికి తెలుసు? ఒక్కరికీ తెలియదు. పోయినప్పుడు స్కోరు కార్డు అడుగుతాం, వచ్చినప్పుడు అడగం.

ఇక నిఖత్ జరీన్. మాలో ఒకరి తాత నిజామాబాద్‌లో ఉంటారు. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో 51 కిలోల ట్రయల్‌లో నిఖత్ 9–1తో మేరీ కోమ్ చేతిలో ఓడిన సంగతి ఎత్తితే చాలు, ఫోన్‌లో ఆయన గొంతు పెరుగుతుంది. "మన పిల్లకి అన్యాయం చేసిండ్రు బిడ్డా" అంటారు. ఆ రోజు తెలంగాణ సంఘం తరఫున వెళ్ళినవాళ్ళు అక్కడే అభ్యంతరం చెప్పారు కూడా. మా క్లాసులో ఇంఫాల్ అమ్మాయి ఉంది, వాళ్ళ నాన్నగారు సీఐఎస్‌ఎఫ్. ఆమె ముందు మేం తాత మాట అన్నాం. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి అడిగింది, "మీరు ఆ బౌట్ చూశారా?" మేం చూడలేదు. తాతకి ఫోన్ చేశాం. తాత కూడా చూడలేదు. "నువ్వు?" అని అడిగాం. తనూ చూడలేదు.

అందుకే ఆ 9–1 మీద ఇప్పుడు మాకు అభిప్రాయం లేదు. దాని ముందు జరిగినదాని మీద మాత్రం ఉంది. మొదట ట్రయల్ లేకుండానే మేరీని ఒలింపిక్ అర్హత పోటీలకు పంపుతామన్నట్టు మాటలు వచ్చాయి. అప్పుడు నిఖత్ క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. గెలిపించమని అడగలేదు, ఒక బౌట్ ఇవ్వమంది. ఆ బౌట్ జరిగింది, ఓడింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో న్యూఢిల్లీలో ప్రపంచ విజేత అయింది, రెండు ఫైనల్సూ 5–0. పారిస్‌లో చైనాకి చెందిన వు యు చేతిలో అదే 5–0తో ఓడింది.

ఆ ఉత్తరం మనకి అర్థమైనంతగా వేరే పిల్లలకి అర్థం కాదేమో. మాలో ఒకరు ఇంతకుముందు వేరే రాష్ట్రంలో చదివినప్పుడు, నాన్నగారి బదిలీ వల్ల జులైలో చేరాడు. కబడ్డీ జట్టు ఎంపిక ఏప్రిల్‌లోనే అయిపోయింది. ఒక్కసారి ఆడి చూపిస్తానని అడిగాడు. "నువ్వు బాగానే ఆడతావేమో, జాబితా వెళ్ళిపోయింది" అన్నారు. ఓడి ఉంటే మర్చిపోయేవాణ్ణి అంటాడు. ఆడలేదు కాబట్టి ఇప్పటికీ గుర్తుంది.

మా అభిప్రాయం ఇది. జడ్జీలూ అభిమానులూ ఎప్పటికీ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. మన సూరత్‌లో వజ్రాలు చూసే పనివారిలో ఇద్దరు ఒకే రాయిని చెరో మెట్టు తేడాతో చెప్పడం ఉంటుంది. అందుకే పెద్ద ల్యాబ్‌లలో ఒకరికి మించి చూస్తారు, రాయి ఎవరిదో వాళ్ళకి తెలియనివ్వరు. బాక్సర్ ముఖానికి అలా ముసుగు వెయ్యలేం. కనీసం కాగితమైనా తెరిచి ఉంచాలి. ప్రొఫెషనల్ పోటీల్లో డబ్ల్యూబీసీ సంస్థకి నాలుగో రౌండు, ఎనిమిదో రౌండు తర్వాత మార్కులు చదివే పద్ధతి ఉంది. ముందున్నవాడు తర్వాత తప్పించుకు తిరుగుతాడని కొందరు వద్దంటారు. తిరగనివ్వండి. వెనకబడ్డవాడికి తాను వెనకబడ్డానని తెలియాలి కదా. అభిమానులు కూడా మోసం అనే ముందు తమ కాగితం చూపించాలి. బస్సులో ఇప్పుడు మా నియమం అదే.

ఈ మాటే మా ఉపన్యాస పోటీల మేడమ్‌తో అన్నాం. ఆమె నవ్వి, ఈసారి జూనియర్ల పోటీ మార్కుల కాగితాన్ని జడ్జీల పేర్లు తీసేసి నోటీసు బోర్డు మీద పెట్టించారు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆరో తరగతి పిల్లాడొకడు పెన్సిల్ పట్టుకుని మొత్తం మళ్ళీ కూడాడు. వాడు పోటీలో లేనే లేడు, ఊరికే కూడాడు. ఒకచోట ఒక మార్కు తక్కువ వచ్చింది. దాన్ని సరిచేస్తే రెండో స్థానంలో ఇద్దరు సమానం. మేడమ్ ఇంకో సర్టిఫికెట్ రాసిచ్చారు.