చికిత్స తర్వాత తోడెవరు?

వ్యసన విముక్తి కేంద్రంలో నెలో రెండు నెలలో ఉండి కుర్రాడు ఇంటికి వస్తాడు. ఒళ్లు కాస్త తేరుకుంటుంది. వేళకు అన్నం తింటాడు. తన దుఆ ఫలించిందని తల్లి కన్నీళ్లు పెట్టుకుంటుంది. గండం గడిచిందని తండ్రి ఊపిరి పీల్చుకుంటాడు. అయితే అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుందన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు.

వీధి మారలేదు. గంజాయి, మత్తు మాత్రలు అలవాటు చేసిన స్నేహితులు అదే మలుపులో ఉన్నారు. ఇంట్లోనేమో అక్క పెళ్లి సంబంధం ఎక్కడ చెడుతుందోనని విషయం దాచిపెడతారు. బంధువులొస్తే గదిలోంచి బయటికి రావద్దంటారు. పది రూపాయలు అడిగితే వంద ప్రశ్నలు వేస్తారు. పెద్దల అనుమానంలోనూ న్యాయం లేకపోలేదు, వారు పడ్డ బాధ అలాంటిది. కానీ మనసు విప్పి మాట్లాడడానికి పాత స్నేహితులు తప్ప మరెవరూ లేని ఆ కుర్రాడు ఎటు వెళ్తాడు?

ఈ ప్రశ్నకు లోకం చాలాకాలం క్రితమే ఒక జవాబు కనుగొంది. 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణానికి వ్యాపారం పనిమీద వచ్చిన బిల్ విల్సన్, పని చెడిపోయిన నిరాశలో మళ్లీ సీసా పట్టే స్థితికి చేరాడు. తన బాధ తెలిసిన మరో తాగుడు బాధితుడితో మాట్లాడితే తప్ప గట్టెక్కలేనని అతనికి అనిపించింది. అలా వెతికితే దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. వాళ్లిద్దరి మాటల్లోంచే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. మత్తుమందుల బాధితుల కోసం 1953లో కాలిఫోర్నియాలో నార్కోటిక్స్ అనానిమస్ వచ్చింది. ఇదే పద్ధతిని ఇస్లామీయ విశ్వాసానికి అనుగుణంగా మలచుకుని 1989లో బాల్టిమోర్ నగర ముస్లింలు మిల్లతీ ఇస్లామీని ప్రారంభించారు. వీటన్నిటికీ మూలం ఒక్కటే. పడి లేచినవాడి మాట పడినవాడి చెవికి ఎక్కుతుంది. చెయ్యి అందించినవాడి కాలూ నిలదొక్కుకుంటుంది.

తోటివాడి తోడంటే ఏమిటి? అతను డాక్టరు కాడు, ఉపన్యాసకుడూ కాడు. తాను ఎలా పడ్డాడో, ఎలా లేచాడో దాచకుండా చెబుతాడు. మత్తు యావ పట్టి పీడించే రాత్రి ఫోను చేస్తే ఎత్తుతాడు. ఆసుపత్రికి వెళ్లే రోజు వెంట వెళ్తాడు, చీటీ రాయించే వరుసలో పక్కన నిలబడతాడు. ఆగిన చదువో పనో మళ్లీ అందుకోవడానికి దారి చూపుతాడు. విన్నమాట మూడో చెవికి చేరనివ్వడు. నువ్వు చెడ్డవాడివని అనడు, ఎందుకంటే అతనూ ఒకప్పుడు ఆ మాట పడ్డవాడే. ఆడపిల్లలకైతే ఇలాంటి తోడు ఆడవారే ఇవ్వాలి. వారిపై పడే నింద రెట్టింపు కనుక వారి అవసరమూ రెట్టింపే.

దీనికి హద్దులున్నాయని కూడా చెప్పడం మా బాధ్యత. బాగా అలవాటైన తాగుడును ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చు. ఆల్ప్రాజోలం, డయాజిపాం వంటివి కలిపిన కల్లుకు అలవాటుపడినవారి విషయంలోనూ ఇదే ప్రమాదం ఉంది. ఆ దశలో కావలసింది డాక్టరే. హెరాయిన్ వంటివి కొంతకాలం మానినవాడు మళ్లీ పాత మోతాదే తీసుకుంటే శరీరం తట్టుకోలేక చనిపోవచ్చు. జారిపడ్డ కుర్రాడిని భయపెట్టి గెంటేయకుండా వెంటనే వైద్యం దగ్గరికి చేర్చాలనడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి? తోడు ఇచ్చేవాడు కూడా తన మార్పు నిలదొక్కుకున్నవాడై ఉండాలి, శిక్షణ పొందాలి. నిన్న బయటికొచ్చినవాడి భుజం మీద ఇవాళ మరొకరి బరువు పెట్టకూడదు. ఊరికే సేవ చేయమని ఎల్లకాలం అడగడమూ తగదు. అతని శ్రమకు వేతనం ఇవ్వడం న్యాయం.

మన దేశంలో అవసరం ఎంత ఉందో 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక సాయం పొందినవారు 38 మందిలో ఒక్కరేనట. 2020 ఆగస్టు 15న నషా ముక్త్ భారత్ అభియాన్ మొదట 272 జిల్లాల్లో మొదలైంది. యువకులే యువకులను కలిసి మాట్లాడే కేంద్రాలు ప్రభుత్వ పథకాల్లో ఉన్నాయి. 14446 నంబరుకు ఫోను చేస్తే సలహా దొరుకుతుంది. పోలీసు కేసు భయంతో చికిత్సకు వెనుకాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మత్తుమందు వాడినందుకో, కొద్ది మోతాదు ఉన్నందుకో కేసు పడిన బానిస, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట తనంతట తాను చికిత్సకు చేరి దాన్ని పూర్తిచేస్తే ఆ నేరానికి విచారణ నుంచి మినహాయింపు ఇచ్చే 64ఎ సెక్షన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది.

ఇక మన సంగతికి వద్దాం. మత్తు హరామ్ అని మన పిల్లలకు చిన్నప్పటి నుంచే తెలుసు. తెలిసీ పడ్డవాడికి ఆ మాటే వందసార్లు చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోతుందా? సహీహ్ బుఖారీలో ఒక ఉదంతం ఉంది. మద్యం సేవించి శిక్ష అనుభవించిన మనిషిని ఎవరో శపించబోతే దైవప్రవక్త (స) వారించారు. సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దన్నారు. శిక్ష శిక్షే, కానీ ఆ తర్వాత కూడా అతడు సోదరుడే. తౌబా చేసి వచ్చినవాణ్ని 'గంజాయోడు' అని వీధిలో పిలిచేవారు ఎవరికి తోడ్పడుతున్నారో ఆలోచించుకోవాలి.

మేము కోరేది పెద్ద పనేమీ కాదు. మస్జిద్ పక్కన ఒక గది వారానికి ఒక సాయంత్రం వీరికి వదిలిపెట్టండి. కోలుకున్న యువకులు అక్కడ కూర్చుంటారు, వచ్చినవారితో మాట్లాడతారు. పేర్లు రాయనక్కర్లేదు. దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్యునితో కమిటీ పెద్దలు ముందే మాట్లాడి ఉంచితే, వైద్యం కావలసినవారిని అక్కడికి చేర్చవచ్చు. తల్లిదండ్రులూ విడిగా ఒకచోట చేరి తమ బాధ చెప్పుకోవచ్చు. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ పిల్లలు వచ్చినా ఆ తలుపు తెరిచే ఉండాలి, మత్తు మతం చూసి రాదు కదా.

జుమా నమాజులో భుజం భుజం కలిపి నిలబడే మనం, కోలుకుని వచ్చిన బిడ్డ పక్కన నిలబడడానికి జంకకూడదు. అతణ్ని దాచిపెట్టి కాపాడుకునే పరువు కంటే అతని ప్రాణం విలువైనది. ఈ మాట మన ఇళ్లలో నిర్భయంగా చెప్పుకునే ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక!